కన్ను ఎక్కడ నిలబడింది? హైదరాబాద్‌లో ఉంటూ న్యూ మీడియా కళతో దృశ్య సంస్కృతిని చదివే పద్ధతి

చిక్కడపల్లిలో ఫ్లెక్సీ డిజైనరుగా చాలాకాలం పనిచేశాను. ఇప్పుడు ఆదివారాలు కొందరు డిగ్రీ విద్యార్థులకు, ఒకరిద్దరు విలేకరులకు, పదవీ విరమణ చేసిన ఒక లెక్కల మాస్టారికి బొమ్మలు చదవడం నేర్పుతున్నాను. గీయడం నేర్పుతారా అని ఫోను చేసేవాళ్లకు లేదనే చెబుతాను. గీయడం నేర్పేవాళ్లు నగరంలో పేటకొకరు దొరుకుతారు. చూడటానికి కూడా ఒక చదువు ఉందని ఒప్పుకునేవాళ్లే తక్కువ.

దృశ్య సంస్కృతి అనే మాటకు జడుసుకోనక్కరలేదు. పొద్దున లేచిన దగ్గర నుంచి మన కళ్ల ముందుకు వచ్చే బొమ్మలు, వాటిని తయారుచేసే యంత్రాలు, వాటిని చూసే మన అలవాట్లు, అన్నీ కలిపితే అదే. వాట్సాప్‌లో శుభోదయం, చౌరస్తాలో పుట్టినరోజు ఫ్లెక్సీ, అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ ముందున్న నాలుగు గళ్ల సీసీటీవీ తెర, పెళ్లి వీడియోలో డ్రోన్ షాటు, అన్నీ ఇందులోకే వస్తాయి. వీటిని చదవడానికి న్యూ మీడియా కళ, అంటే వీడియో, కంప్యూటర్, నెట్‌వర్క్, సెన్సర్లతో చేసే కళ, ఎందుకు పనికొస్తుంది? బొమ్మ సవ్యంగా వస్తున్నంతసేపూ దాని వెనకున్న యంత్రం మన కంటపడదు. సీరియల్ కనబడుతుంది, టీవీ కనబడదు. కొరియాలో పుట్టిన కళాకారుడు నామ్ జూన్ పైక్ 1965లో ఒక టీవీ పెట్టె నెత్తిన పెద్ద అయస్కాంతం పెట్టాడు. తెర మీది గీతలు మెలితిరిగి వింత ఆకారం కట్టాయి. కార్యక్రమం పోయి టీవీ మిగిలింది. ఇలా యంత్రం మూత తీసి చూపించే కళాకారులను వెతుక్కోవాలి. వాళ్లు చేసినదాన్ని మన వీధిలో మన చేతులతో చేసి చూడాలి. నా పద్ధతి ఇంతే.

సామగ్రి పెద్దగా అక్కరలేదు. కెమెరా ఉన్న ఫోను, గీతలు లేని నోటు పుస్తకం, కొంచెం ట్రేసింగ్ పేపరు, ఏదో ఒక పాత కంప్యూటర్ చాలు. సాఫ్ట్‌వేర్ కోసం డబ్బు ఖర్చు పెట్టవద్దు.

మొదటి వారం: కన్ను ఎంత ఎత్తులో ఉంది?

కోర్సుల్లో మొదట సిద్ధాంతాలు చెబుతారు. నేను జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌తో మొదలుపెడతాను. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత రైతులు, వీడియో కెమెరా పట్టి తమ పొలాల గురించి, విత్తనాల గురించి చిత్రాలు తీశారు. కెమెరా కోణాలకు వాళ్లు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాటు, ఊళ్లో పటేలు మనుషులను అలాగే చూసేవాడు కనుక. కింది నుంచి పైకి తలెత్తి చూసేది బానిస చూపు. కంటికి కన్ను సమానంగా ఉండేది సంఘం షాటు, సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు కనుక. ప్రపంచంలో ఎక్కడెక్కడి సిద్ధాంతకారులనో చదివే మన విద్యార్థులకు నగరం పక్కనే పుట్టిన ఈ ఆలోచన తెలియకపోవడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది.

మొదటి అభ్యాసం దీని మీదే. రోజుకు ఒక బొమ్మ ఎంచుకోండి. పత్రికలోదైనా, ఫోనులోదైనా, బస్సు వెనక అంటించినదైనా సరే. దాని గురించి మూడు సంగతులు రాయండి: చూసే కన్ను ఎంత ఎత్తులో, ఎంత దూరంలో ఉంది, ఆ చోట నిలబడగలిగే అధికారం ఎవరికి ఉంది, కంటికీ వస్తువుకూ మధ్య ఏ యంత్రం ఉంది. బాగుంది, బాగాలేదు అనే మాటలు ఈ వారం నిషేధం. పెళ్లి వీడియోలో డ్రోన్ వచ్చిన దగ్గర నుంచి ఆడపెళ్లివాళ్లూ మగపెళ్లివాళ్లూ అందరూ పటేల్ షాటులో చీమల్లా కనబడుతున్నారు. డబ్బిచ్చి మరీ పెట్టించుకుంటున్నాం. ఎందుకు పెట్టించుకుంటున్నామో రాయగలిగితే మీ మొదటి వ్యాసం తయారైనట్టే.

ఇదే ప్రశ్న పాత ఫోటోలకూ వేయవచ్చు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే స్త్రీలను ఫోటో తీయడానికి అక్కడ ఒక ఆంగ్ల మహిళను నియమించాడు. కెమెరా అదే, వెలుతురు అదే, వెనక నిలబడిన మనిషి మారడంతో ఎవరి ముఖం ఫోటోకెక్కుతుందో మారిపోయింది. దీన్‌దయాళ్ ఫోటోలు చూసినప్పుడు దర్బారు వైభవం దగ్గరే ఆగిపోకుండా ఆ గది తలుపు ఎవరికి తెరిచారో అడగండి.

సాలార్‌జంగ్‌లో గడియారానికి వీపు పెట్టి

శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు. మిగతా రోజుల్లో పొద్దున్నే వెళ్లండి. అన్నీ చూడాలనే ఆశ పెట్టుకోవద్దు, రెండే చోట్లు.

ఒకటి, జంట శిల్పం. ఒకే చెక్కలో ముందువైపు మెఫిస్టోఫెలిస్, వెనకవైపు మార్గరెటా. జర్మన్ కవి గోథే రాసిన ‘ఫౌస్ట్’ నాటకంలో ఒకరు సైతాను, ఒకరు అమాయకురాలైన అమ్మాయి. వెనక అద్దం ఉంటుంది కాబట్టి గర్వంగా నిలబడ్డ పురుషుడు నేరుగా, తలవంచిన స్త్రీ అద్దంలో కనబడతారు. ఇది 19వ శతాబ్దపు పని, ఇందులో కరెంటు లేదు. అయినా న్యూ మీడియా కళ చదివేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు. బొమ్మ సగమే చెక్కలో ఉంది, మిగతా సగం అద్దం, ఆ గది, మీరు నిలబడ్డ చోటు కలిసి తయారుచేస్తున్నాయి. అటూ ఇటూ కదిలి ఏ చోటు నుంచి స్త్రీ పూర్తిగా మాయమవుతుందో కనుక్కుని నోటు పుస్తకంలో నేల ప్లాను గీయండి. వీడియో ఇన్‌స్టలేషన్‌కు, అంటే గది మొత్తాన్నీ కళాకృతిగా అమర్చే పనికి, గీయాల్సిన ప్లాను కూడా ఇలాంటిదే: ప్రొజెక్టరు ఎక్కడ, తెర ఎక్కడ, బల్ల ఎక్కడ, మన నీడ ఎటు పడుతోంది.

రెండోది సంగీత గడియారం. గంట కొట్టే సమయానికి జనం దాని ముందు చేరతారు. లోపలి నుంచి చిన్న గడ్డం మనిషి బొమ్మ వచ్చి గంట కొట్టి వెళుతుంది. మీరు గడియారానికి వీపు పెట్టి జనాన్ని చూడండి. ఎంతమంది కళ్లతో చూస్తున్నారు, ఎంతమంది ఫోను తెర మీద చూస్తున్నారు? తెర మీద చూసేవాళ్లు గంట మోగగానే కళ్లెత్తుతారా, తెర మీదే ఉంచుతారా? పిల్లలను ఎవరు ఎత్తుకున్నారు? జనాన్ని ఫోటో తీయవద్దు, రాసుకోండి చాలు. ఆ రాసుకున్నది పక్కన పెట్టుకుని పైక్ 1974లో చేసిన ‘టీవీ బుద్ధ’ ఫోటో చూడండి. ఒక బుద్ధ విగ్రహం, ఎదురుగా చిన్న టీవీ, దాని వెనక కెమెరా. కెమెరా బుద్ధుణ్ణే తీస్తుంది, బుద్ధుడు తన బొమ్మనే చూస్తూ ఉంటాడు. ధ్యానమా, ఆత్మానురాగమా అని విమర్శకులు తర్జనభర్జన పడ్డారు. నా విద్యార్థులు దానిని సెల్ఫీ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అంత తొందర వద్దని ఆపుతాను. సెల్ఫీ తీసుకునేవాడు ఇంకెవరికో పంపడానికి తీసుకుంటాడు. పైక్ బుద్ధుడు ఎవరికీ పంపడు.

ఇక్కడే మన సంగతి ఒకటి కలపాలి. ‘టీవీ బుద్ధ’ తర్వాతి సంవత్సరం, 1975 ఆగస్టులో, ఉపగ్రహం ద్వారా నేరుగా పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపే ప్రయోగం దేశంలో మొదలైంది. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6ను వాడుకుని 6 రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఏడాదిపాటు ప్రసారం చేశారు. ఆ రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంటే మన పల్లెల్లో కొందరు హైదరాబాద్ వాళ్లకన్నా ముందే, ఊరంతా ఒకే పెట్టె ముందు కూర్చుని టీవీ చూశారు. న్యూయార్క్ గ్యాలరీలో ఒక్కడే కూర్చుని చూసే బుద్ధుడు, ఇక్కడ ఊరంతా చూసే టీవీ, ఇవి రెండూ ఒకే కాలానివి. మీ ఇంట్లో పెద్దవాళ్లను మొదటి టీవీ ఎక్కడ చూశారో అడగండి: ఎవరి ఇంట్లో, నేల మీదా కుర్చీలోనా, ఎవరిని లోపలికి రానిచ్చారు, ఎవరు కిటికీ దగ్గర నిలబడ్డారు. కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ల మాటలు తప్పనిసరిగా రాసుకోండి.

ఫ్లెక్సీ చదవడం

ఇది నా సొంత ఇలాకా కాబట్టి కాస్త ఎక్కువసేపు ఉంటాను.

నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి ఎంచుకోండి. దాని ఫోటోను కాగితం మీద ప్రింటు తీసి, పైన ట్రేసింగ్ పేపరు పెట్టి, ముఖాలన్నిటినీ ఖాళీ గళ్లుగా గీయండి. పేర్లు, రంగులు, పార్టీ గుర్తులు అన్నీ వదిలేయండి. మిగిలేది ఒక అధికార పటం. పైవరుసలో గుండ్రటి వలయాల్లో రాష్ట్ర స్థాయి నాయకులు. మధ్యలో నిలువెత్తు మనిషి, చెయ్యి ఊపుతూనో దండం పెడుతూనో. కింద వరుసలో పాస్‌పోర్టు సైజు ముఖాలు. అన్నిటికన్నా కింద మూలన డబ్బు పెట్టినవాడు. అతని ముఖం చిన్నదైనా అక్షరాలు పెద్దవి, ఎందుకంటే అతను చూపించుకోవలసింది నాయకుడికి, బండి మీద వెళ్లే జనానికి కాదు. షాపుకు ఫోటోలతోపాటు వరుసక్రమం రాసిన చీటీ కూడా వచ్చేది. ఎవరి పక్కన ఎవరు అన్నది తేలక రాత్రి ప్రింటు ఆగిపోయిన సందర్భాలున్నాయి. ఆడవాళ్ల ముఖాలు ఎన్ని, ఎక్కడ అన్నది లెక్కపెట్టండి. మహిళా కార్పొరేటరు ఫ్లెక్సీలో భర్త ఫోటో ఎంత సైజులో ఉందో కొలవండి.

శరీరాల సంగతి ఇంకా ఆసక్తికరం. వాట్సాప్‌లో వచ్చిన ముఖం, తెల్ల చొక్కా వేసుకున్న ఎవరిదో ఒంటికి అతికించడం మా రోజువారీ పని. తెల్లబట్టల శరీరాలు ఒక ఫోల్డరు నిండా ఉండేవి. ఒకే శరీరం పరస్పరం పడని ఇద్దరు నాయకులకు ఒకే వారంలో వాడాం, ఎవరూ గుర్తుపట్టలేదు. దీనికి పక్కన కళాకారుడు వివాన్ సుందరం 2001లో మొదలుపెట్టిన డిజిటల్ మాంటేజీలను, అంటే అతుకుల బొమ్మలను, పెట్టి చూడండి. తాతగారు ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ తీసిన కుటుంబ ఫోటోలను కంప్యూటర్లో కలిపి, తన పెద్దమ్మ, చిత్రకారిణి అమృతా షేర్‌గిల్‌నూ మిగతావారినీ వేర్వేరు కాలాల నుంచి ఒకే గదిలోకి తెచ్చాడు. మా ఫ్లెక్సీ అతుకు కనబడకూడదని కష్టపడుతుంది. సుందరం అతుకు చూస్తే ఆ గదిలో ఇద్దరూ ఎన్నడూ అలా కలిసి లేరని అనుమానం వస్తుంది, ఆ అనుమానం కోసమే ఆయన అతికించాడు. కత్తిరింపు పని ఒకటే, ఒకటి కాలాన్ని దాస్తుంది, ఒకటి బయటపెడుతుంది. ఈ తేడా మీకు చేతుల్లోకి రావాలంటే మీ ఇంటి ఆల్బంలో ఎప్పుడూ కలుసుకోని ఇద్దరిని ఒకే ఫోటోలో కలపండి. ముందు నీడలు సరిచేయకుండా, తర్వాత సరిచేసి, రెండూ ప్రింటు తీసి ఇంట్లో చూపించండి. ఎవరు ఏ ప్రింటు దగ్గర ఏమన్నారో రాయండి.

ఫ్లెక్సీ దిగిన తర్వాత కూడా వెంటపడండి. పుట్టినరోజు అయిపోయాక అది తోపుడు బండి మీద వాన కప్పు అవుతుంది, గుడిసె గోడ అవుతుంది, ధాన్యం ఆరబోసే పరుపు అవుతుంది. నాయకుడు తలకిందులుగా మొక్కజొన్న పొత్తుల మీద నవ్వుతుంటాడు. ఒక్క నెల మీ దారిలో కనబడినవాటిని నమోదు చేస్తే బొమ్మ అర్థం ఎప్పుడు పోయిందో, బట్టగా విలువ ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది.

బొమ్మను విరగ్గొట్టడం

ఇంతవరకూ చూపే పని. ఇప్పుడు చేతుల పని. ఫోటో అంటే అంకెల వరుస అని అందరికీ తెలుసు, ఆ తెలిసినదాన్ని ఒకసారి కళ్లతో చూడాలి.

చార్మినార్ ఫోటో ఒకటి తీసి, కంప్యూటర్లో 24 బిట్ల బీఎంపీ ఫైలుగా దాచండి. జేపెగ్ వద్దు, అది కుదించిన ఫైలు, ఈ దెబ్బకు తెరుచుకోకుండా పోతుంది. ఆడాసిటీ అనే ఉచిత శబ్ద సాఫ్ట్‌వేర్ తెరిచి, ఫైల్ మెనూలో ఇంపోర్ట్‌కు వెళ్లి, రా డేటా అనే చోట ఆ ఫోటోను ఎంచుకోండి. ఎన్‌కోడింగ్ దగ్గర యూ-లా, ఛానల్ ఒకటి. ఇప్పుడు మీ చార్మినార్ ఒక శబ్దపు అలగా తెర మీద కనబడుతుంది. వినాలనిపిస్తే వినండి కానీ స్పీకరు బాగా తగ్గించుకోండి, చెవులు హోరెత్తుతాయి. అల మొదట్లో ఒక చిన్న ముక్కను ముట్టుకోవద్దు. ఇది బొమ్మ ఎంత వెడల్పు, ఎంత ఎత్తు అని చెప్పే భాగం అక్కడ ఉంటుంది, అది చెడితే ఫైలు తెరుచుకోదు. మిగతాదాంట్లో ఒక భాగాన్ని ఎంచుకుని ఎకో వేయండి. పొడవు మార్చే ఎఫెక్టులు వాడకండి. తర్వాత శబ్దపు హెడరు, అంటే ఫైలు ముందు సాఫ్ట్‌వేర్ తగిలించే వివరాల ముక్క, లేని రా ఫైలుగా, మళ్లీ యూ-లాలోనే ఎగుమతి చేసి, పేరు చివర బీఎంపీ అని మార్చి తెరవండి.

చార్మినార్ చెదిరి, మినార్లు రంగుల చారలుగా పాకుతాయి. అక్కడితో ఆగి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేస్తే ఏమీ నేర్చుకోనట్టే. చూడాల్సినవి ఇవి. అల మొదటి భాగంలో ఎకో వేస్తే బొమ్మ కింది భాగం చెదురుతుంది. బీఎంపీ ఫైలు వరుసలను సాధారణంగా కింది నుంచి పైకి దాస్తుంది కనుక అలా జరుగుతుంది. రంగులు ఎందుకు జారాయి? ప్రతి బిందువుకూ నీలం, ఆకుపచ్చ, ఎరుపు అనే మూడు అంకెలు వరుసగా ఉంటాయి, ఎకో ఒకటి రెండు అంకెలు పక్కకు పడినా ఎరుపు నీలంలోకి వెళ్లిపోతుంది. ప్రతి మార్పుకూ ఏ ఎఫెక్టు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏమైంది అని రాసుకోండి. నామ్ జూన్ పైక్ అయస్కాంతంతో చేసింది ఇదే పని. 2002లో కోరీ ఆర్కేంజెల్ అనే అమెరికా కళాకారుడు పాత మారియో వీడియో గేము క్యాట్రిడ్జ్‌ను మార్చి మనిషినీ నేలనూ అడ్డంకులనూ తీసేశాడు, నీలి ఆకాశంలో మబ్బులు మాత్రం నడుస్తుంటాయి. ఇన్నాళ్లూ ఆడుతూ ఎవరూ చూడని మబ్బులు అవి.

ఇంకొక తేలికైన ప్రయోగం. ఎర్ర రంగులో పెద్ద అక్షరాలున్న ఒక శుభాకాంక్షల బొమ్మను వాట్సాప్‌లో స్నేహితుడికి పంపండి. అతను స్క్రీన్‌షాటు తీసి మీకు పంపాలి, మీరు మళ్లీ స్క్రీన్‌షాటు తీసి పంపాలి. ఉత్త ఫార్వర్డ్ చేస్తే ఉపయోగం లేదు. కొన్ని సార్లు తిరిగాక ఎర్ర అక్షరాల అంచులు మరకలు కట్టడం చూస్తారు. జేపెగ్ బొమ్మను 8 బిందువుల వెడల్పు, 8 బిందువుల ఎత్తు గళ్లుగా కోస్తుంది. వెలుగు వివరాలను ఎక్కువగా ఉంచి, రంగు వివరాలను తగ్గిస్తుంది, మనిషి కన్ను రంగు తేడాలకన్నా వెలుగు తేడాలను బాగా పట్టుకుంటుంది కనుక. అంటే 1992 నాటి ఆ ప్రమాణం లోపల మనిషి కన్ను గురించిన ఒక అంచనా కూర్చుని ఉంది. ఫ్లెక్సీ పనిలో ఎర్ర అక్షరాల ఫోటోలు వాట్సాప్‌లో వస్తే మేము తలలు పట్టుకునేది అందుకే. డాక్యుమెంటుగా పంపమని బతిమాలేవాళ్లం.

అక్షరం కూడా తెర మీద బొమ్మే. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆపిల్ సంస్థ సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. ఒత్తులనూ గుణింతాలనూ ఒకదానికొకటి పేర్చి గీసే పని ఎంత కష్టమో ఆ ఒక్క సంఘటన ప్రపంచానికి చూపింది. అప్పట్లో నా విద్యార్థులు ఆ అక్షరాన్ని గోడంత పెద్దగా ప్రింటు తీసి తగిలించాలన్నారు. ఎవరూ తగిలించలేదు, ఇప్పటికీ మంచి ఆలోచనే.

కెమెరాల వీధి

మీ ఇంటి నుంచి బస్‌స్టాపు దాకా ఉన్న సీసీటీవీ కెమెరాలను చేతితో గీసిన పటం మీద గుర్తించండి. ప్రతి కెమెరా ఏ వైపు చూస్తోందో బాణం గీయండి. దుకాణందా, కాలనీదా, పోలీసుదా అని రంగులు వేయండి. జనం గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ప్రజా భద్రత చట్టం వచ్చింది, ఆ తర్వాత ‘నేను సైతం’ పేరుతో కాలనీల చేత పోలీసులు కెమెరాలు పెట్టించారు. బంజారాహిల్స్‌లో పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ 2022 ఆగస్టులో మొదలైంది. ఈ క్రమాన్ని మీ పటం అంచున రాయండి. కెమెరాలను ఫోటో తీయాలంటే ఆ ఇంటివాళ్లను, దుకాణదారును ముందు అడగండి. పోలీసు భవనాల జోలికి వెళ్లవద్దు, చేతిగీత చాలు.

దీనికి తోడుగా చూడాల్సింది కళాకారిణి షైనా ఆనంద్ 2006లో ఢిల్లీ ఖిడ్కీ ఎక్స్‌టెన్షన్‌లో చేసిన పని. చవక సీసీ కెమెరాలు, టీవీలు, కేబులు తీగలు వాడి చుట్టుపక్కల ఇళ్లనూ దుకాణాలనూ కలిపింది. ఒక చోటివాళ్లు ఇంకో చోటివాళ్లను టీవీలో చూస్తూ మాట్లాడుకున్నారు. కాపలా కాసే పరికరం కబుర్ల పరికరం అయింది. కన్ను రెండువైపులా ఉంటే ఏమవుతుందో ఇంతకన్నా సూటిగా చూపినవాళ్లు తక్కువ. తర్వాత ఆమె కూడా ఉన్న ముంబై బృందం క్యాంప్, మరికొన్ని సంస్థలతో కలిసి 2008లో ప్యాడ్‌మా అనే వీడియో భాండాగారాన్ని ఇంటర్నెట్లో తెరిచింది. అక్కడ వీడియో పక్కనే నిమిషం, సెకను వారీగా వ్యాఖ్యలు ఉంటాయి. మీరు వీడియో కళ చూసి నోట్సు రాసేటప్పుడు అదే పద్ధతి పాటించండి: ముందు సమయం, తర్వాత కనబడింది, తర్వాత వినబడింది. మీ అభిప్రాయం కోసం పక్కన వేరే వరుస.

ప్రదర్శనకు వెళ్లినప్పుడు

మాదాపూర్ కావూరి హిల్స్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్, బంజారాహిల్స్‌లోని సాంస్కృతిక వేదిక లామకాన్, జర్మన్ సాంస్కృతిక కేంద్రం గోథే జెంత్రుమ్, మాసాబ్‌ట్యాంక్ దగ్గరి ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కళలు నేర్పే సరోజినీ నాయుడు స్కూలు, వీటి ప్రకటనలు గమనిస్తూ ఉండండి. విద్యార్థుల వార్షిక ప్రదర్శనలకు తప్పకుండా వెళ్లండి. పేరున్న గ్యాలరీలో తీగలన్నీ దాచేస్తారు, విద్యార్థుల దగ్గర ఎక్స్‌టెన్షన్ బాక్సు కాళ్లకు తగులుతుంది. నేర్చుకునేవాళ్లకు అదే మేలు.

ప్రదర్శనలో వీడియో ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. మీరు లోపలికి అడుగుపెట్టినప్పుడు కనబడిన దృశ్యం నుంచి, అదే దృశ్యం మళ్లీ వచ్చేదాకా చూడండి. మధ్యలో లేచి వెళ్లిన వీడియో గురించి రాయకూడదని మా తరగతిలో నియమం. కళాకారిణి శిల్పా గుప్తా 2007 నాటి నీడల ఇన్‌స్టలేషన్‌లో ప్రేక్షకుడి నీడ తెర మీద పడుతుంది, పైనుంచి వస్తువులు జారివచ్చి ఆ నీడకు అతుక్కుంటాయి, కదిలినా వదలవు. ఇలాంటివి ఒక్కరే చూస్తే సగమే తెలుస్తాయి. పక్కవాళ్ల నీడలు ఎలా తప్పించుకోబోతాయో కూడా చూడాలి.

వీడియో, నీడలతో పనిచేసే కళాకారిణి నళినీ మలానీ పని చదవడానికి మనవాళ్లకు ఇంట్లోనే తాళంచెవి ఉంది. 2012లో జర్మనీలోని కాసెల్‌లో, డాక్యుమెంటా ప్రదర్శనలో ఆమె మైలార్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర గొట్టాల లోపలివైపు బొమ్మలు గీసి, వాటిని తిప్పుతూ, వీడియోల వెలుగు వాటి గుండా పంపింది. గోడల నిండా నీడలు తిరిగాయి. తోలుబొమ్మలాట చూసినవాళ్లకు వెలుగు, రంగు తోలు, తెర అనే ఈ అమరిక కొత్త కాదు. చేర్యాల నకాషీ పటాలనూ, అంటే కథ చెప్పడానికి గుడ్డ మీద వేసిన చుట్ట బొమ్మలనూ, దీని పక్కన పెట్టండి. కూనపులి అనే కథకుల బృందంవాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతూ పటాన్ని గడి గడిగా విప్పేవారు. కులానికొక కథ, కథకొక పటం, పటానికొక కథకుల బృందం. బొమ్మ, మాట, కాలం కలిసి నడిచే కళ మనకు ముందునుంచీ ఉంది. అయితే అంతా మన దగ్గరే ఉందని చంకలు గుద్దుకుంటే చదువు అక్కడితో ఆగిపోతుంది. పటంలో వేగాన్ని కథకుడు నిర్ణయిస్తాడు, మలానీ గదిలో మోటారు నిర్ణయిస్తుంది. ప్రేక్షకుడు పటం ముందు కూర్చుంటాడు, ఆ గదిలో నడుస్తాడు. ఇలాంటి తేడాలు పది రాయగలిగితేనే పోలిక చేయండి.

కృత్రిమ మేధతో తయారైన బొమ్మల గురించి అందరూ అడుగుతారు. క్లుప్తంగా చెబుతాను. ‘హైదరాబాద్ వీధి’ అని రాసి ఏదో ఒక ఉచిత సాధనంతో చాలా బొమ్మలు తీయించి, మళ్లీ మళ్లీ వచ్చేవేమిటో పట్టిక వేయండి. చార్మినార్, ఆటోలు, సాయంకాలపు పసుపు వెలుగు అదే పనిగా వస్తుంటే, కూకట్‌పల్లి హాస్టళ్ల వీధి ఎందుకు రాలేదో ఆలోచించండి. 2019లో కళాకారుడు ట్రెవర్ పాగ్లెన్, పరిశోధకురాలు కేట్ క్రాఫర్డ్ కలిసి, ముఖం ఇస్తే, కంప్యూటర్లకు బొమ్మలు గుర్తించడం నేర్పే ఇమేజ్‌నెట్ అనే బొమ్మల గిడ్డంగి నుంచి నేర్చుకున్న ముద్రలు వేసే ఒక కళాకృతిని జనం ముందు పెట్టారు. కొందరి ముఖాలకు నేరస్థుడు లాంటి ముద్రలు పడ్డాయి. గొడవ తర్వాత ఆ గిడ్డంగి నిర్వాహకులు మనుషుల బొమ్మలు 6 లక్షలకు పైగా తీసేస్తామని ప్రకటించారు.

రాయడం, దాచడం

నెలకు ఒక పుట చాలు. మొదటి సగం వర్ణన, రెండో సగం వాదన. వర్ణన చదివి, ఆ బొమ్మ చూడనివారు దాన్ని సుమారుగా గీయగలగాలి. మా లెక్కల మాస్టారికి ఇచ్చి గీయిస్తాను, ఆయన దయాదాక్షిణ్యాలు లేని పాఠకుడు. ‘అద్భుతం’, ‘లోతైన’, ‘సందేశం’ అనే మాటలు కొట్టేయండి, వాక్యం నిలబడితే ఉంచండి.

చేసిన ప్రతి ప్రయోగానికీ ఒక ఫోల్డరు పెట్టండి. అందులో అసలు ఫోటో, మార్చిన ఫైలు, వాటితోపాటు ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఉండాలి. ఏ కంప్యూటర్, ఏ సాఫ్ట్‌వేర్, దాని వెర్షను, తేదీ, చేసిన పనుల వరుస అందులో రాయండి. ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇంటర్నెట్ కోసం చేసిన ఎంతో కళ, అడోబ్ సంస్థ 2020 చివర దానికి మద్దతు ఆపేయగానే బ్రౌజర్లలో కనబడకుండా పోయింది. పైక్ కళాకృతులకు కావలసిన పాత పిక్చర్ ట్యూబు టీవీలు ఇప్పుడు కొత్తవి దొరకవు, మ్యూజియాలు పాతవాటి కోసం వెతుక్కుంటున్నాయి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన నా పాత ఫైళ్లు, వాటికి వాడిన అను ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలుగా వస్తుంది. అందుకని యూనికోడ్‌లో రాయండి, బొమ్మల ప్రతి ఒకటి పీఎన్‌జీలో దాచండి, పెన్‌డ్రైవు ఒక్కదాన్నే నమ్మకండి. ఫ్లెక్సీ ట్రేసింగులను మాత్రం మడతపెట్టకుండా గొట్టంలో చుట్టి పెట్టండి, మడత దగ్గర పెన్సిలు గీత చెరిగిపోతుంది.